చెన్నపట్టణపు ఆర్మీనియనులు

నిర్మలలోను, గోదావరి కావలనున్న కోనసముద్రమునందును పూర్వము మూసలలో కరగించిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరి. ఆ యుక్కు వారి దేశమున ఖడ్గము లయ్యెను. కరీంనగరము, ఆదిలాబాదు సీమలు లోకమునకు దూరముగా అడవుల నడుమ పడియుండెనని తలచువారు ఈ సంగతిని జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఆ పారసీక దేశమునుండియే వేరొక వర్తక సంఘమువారు మన తూర్పు తీరమునకు వచ్చి నిలిచిరి. వారు ఆర్మీనియను క్రైస్తవులు. పరదేశమున గడించిన ధనముతో, తమలో పెక్కురు కంటితోనైన చూడని స్వదేశమునకు బడులు, అచ్చుకూటములు, అనాథశరణాలయములు సమకూర్చినవారిలో వీరికి సాటివచ్చువారు కొందరే యుందురు. మన జిల్లాలలో వాడకు నలుగురైదుగురు దేశాంతరము పోయియున్న యీ దినములలో వీరి వృత్తాంతము చదువరులకు నిరుపయోగము కాదని తలచి దీనిని వ్రాయుచున్నాము.

ఆర్మీనియా కొండల దేశము. దానికి పడమట తురుష్క సామ్రాజ్యము, తూర్పున పారసీక రాజ్యము. ఈ రెంటికి యుద్ధము వచ్చినప్పుడెల్ల నడుమ నలిగినవాడు ఆర్మీనియను రైతు. 1604 వ సంవత్సరమున షా అబ్బాసు తన సేనను వెనుకకు మరలించుచు, శత్రువునకు తిండిగింజ దొరకరాదని ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించి ప్రజలను తన రాజ్యములోనికి తోలించెను. ఆరాక్సు నదిని దాటుటలో పెక్కురు మునిగి చచ్చిరి. ఆ నది యొడ్డున పట్టు వర్తకమునకు పేరుపడిన జుల్ఫా అను పట్టణ ముండెను. ఆ పట్టణపువారిని మాత్రము షా తన రాజధానియగు ఇస్ఫహాను చెంత నిలిపి, క్రొత్త జుల్ఫా యను పేట కట్టుకొననిచ్చి, పట్టు వర్తకమును వారి చేతిలో పెట్టెను. తరిమినవాడే ఆదరించుట రాజులలో వింత కాదు.

అచటినుండి వీరు పడమట వెనీసు, ఆంస్టర్డాముల వరకు, తూర్పున మనీలా వరకు వ్యాపించిరి. గోలకొండ రాజ్యమున వారికి మచిలీపట్టణము రేవు. పదునేడవ శతాబ్దమునాటి వారి సమాధులు హైదరాబాదు ఉప్పుగూడలో నేటికిని కలవు. 1688 జూను 22 వ తేదీన ఆంగ్లేయ తూర్పిండియా కంపెనీ వీరితో నొక యొడంబడిక చేసికొనెను. కంపెనీ పట్టణములలో నెచ్చట 40 మంది ఆర్మీనియనులు చేరుదురో అచ్చట వారికి చర్చి కట్టించి, మతగురువునకు ఏడేండ్లపాటు ఏటికి 50 పౌనులిచ్చుటకు కంపెనీవా రొప్పుకొనిరి. లాభము లేనిదే కాసు విడువని కంపెనీ ఇట్టి మాట ఇచ్చినదన్నచో వీరి వర్తకమెంతటిదో ఊహింపవచ్చును.

ఖోజా పెట్రూసు వస్కాను క్రొత్త జుల్ఫాలో పుట్టి, మనీలాలో ధనము గడించి, చెన్నపట్టణమున స్థిరపడెను. 1726 లో సైదాపేట చెంత అడయారు నదిపై వంతెన కట్టించినవా డితడు. పరంగికొండ నెక్కుటకు మెట్లు కట్టించినవాడును ఇతడే. 1751 లో మరణించినప్పుడు, అతని కోరిక ప్రకారము శరీరమును చెన్నపట్టణమున పాతిపెట్టి, హృదయమును పెట్టెలో నుంచి జుల్ఫాకు పంపిరి. ప్రవాసి మన సంతయు స్వదేశముననే యుండునని మనము మాటవరుసకు అందుము. ఇతడు ఆ మాటను అక్షరాల జరిపించెను. కాని క్రొత్త జుల్ఫా మాత్ర మేమి? అదియును తాతలు తరుమబడి వచ్చి నిలిచిన చోటేగదా. స్వదేశ మెక్కడ ఉన్నదను ప్రశ్న వస్కాను తరమువారిని అంతగా బాధింపలేదు. తరువాతి తరమువారిని బాధించెను.

ఆ తరములో ముఖ్యుడు షహామీర్ షహామిరియాను. ఇతడు 1723 మొదలు 1797 వరకు జీవించెను. ఇతడు తన కుమారుల చదువునకై యుంచుకొనిన పండితుడు మోవ్సేసు బాగ్రమియాను. చెన్నపట్టణమున షహామిరియాను పెట్టించిన అచ్చుకూటములో 1772 లో బాగ్రమియాను వ్రాసిన చిన్న ప్రబోధ గ్రంథము వెలువడెను. ఆర్మీనియనులు పరపాలనమునుండి విముక్తులు కావలెననియు, దానికి విద్యయే మొదటి మెట్టనియు దాని సారము. పిమ్మట వెలువడిన గ్రంథము మరింత సాహసమైనది. దాని పేరునకు ‘కీర్తి వల’ యని యర్థము. ముఖపత్రముపై 1773 అని యున్నది. అది లేని రాజ్యమునకు వ్రాసిన రాజ్యాంగము. రాజు లేడు, ప్రజ లెన్నుకొనిన సభ కలదు, అధికారి మొదలు కూలివాని వరకు అందరును చట్టమునకు లోబడవలెను. ఇట్టివి 521 విధులు. ఫ్రాన్సులో విప్లవము రాకమునుపే, కర్ణాటక నవాబు అప్పులతోను, కంపెనీ దొరల లంచములతోను నిండిన చెన్నపట్టణమున నొక వర్తకుడు కూర్చుండి ఈ పని చేయించెననగా మాకు నేటికిని ఆశ్చర్యముగనే యున్నది.

ఈ కాలముననే గ్రిగోరు అను మరియొక చెన్నపట్టణపు ఆర్మీనియను ధనమంపగా, స్వదేశమున ఎజ్మియాజినులోని మహామఠమునందు 1771 లో అచ్చుకూటము నెలకొల్పబడెను. ఆర్మీనియా గడ్డపై అదియే మొదటిది. కాగితము చేయు కార్ఖానాకును ఆతని ధనమే యాధారము. ఆ మఠాధిపతి సిమియోను విద్యాభిమాని. అచ్చుకూటము నాదరముతో స్వీకరించెను. కాని చెన్నపట్టణమునుండి వచ్చిన ప్రబోధ గ్రంథమును చూచి మండిపడి, దాని ప్రతులను నాశనము చేయుడని యాజ్ఞాపించెను. ఒకే పట్టణపు సొమ్ముతో యంత్రము వచ్చినప్పుడు చల్లనైనది, ఆలోచన వచ్చినప్పుడు నిప్పైనది.

దీనిని మతాధిపతి మూఢత్వమని త్రోసివేయుట సులభము. మేమును మొదట నట్లే యనుకొందుము. అయితే పుస్తకము వ్రాసినవారు సముద్రమున కీవల, కంపెనీ కోటనీడలో నుండిరి; షాకును సుల్తానుకును కోపము వచ్చినయెడల తలలు తెగునవి ఎజ్మియాజిను చుట్టునున్న ఊళ్లవారివి. దూరమునుండి దానము చేయువానికి ధైర్యము చౌక. ఈ చిక్కు ఆర్మీనియనులకే గాదు, ప్రవాసులై స్వదేశమును ఉద్ధరింప బూనిన వారి కందరకు కలదు. సిమియోను జాగ్రత్తను మన్నింపవచ్చును గాని గ్రంథదహనమును మాత్రము మన్నింపజాలము.

1794 అక్టోబరు 16 వ తేదీన చెన్నపట్టణముననే హరుత్యూను ష్మవోనియాను అను మతగురువు ‘అజ్దరారు’ అను మాసపత్రికను ప్రకటించెను. లోకమున నెచ్చటనైనను ఆర్మీనియను భాషలో వెలువడిన మొదటి పత్రిక యిది. ష్మవోనియాను షీరాజులో పుట్టినవాడు. ఓడల రాకపోకలు, సరకుల ధరలు, పారసీకపు వార్తలు అందుండెను. పదునెనిమిది సంచికలు వెలువడి 1796 లో నిలిచిపోయెను. మన మాసపత్రికల యాయుర్దాయము నెరిగినవా రెవరును దీనికి నవ్వరు.

ఆ వెనుక ధనము బడులకు ప్రవహించెను. చెన్నపట్టణపు వర్తకులైన శామ్యూలు మూరాతు, ఎడ్వర్డు రాఫేలులు వదలిపోయిన సొమ్ముతో ఇటలీలోని ఆర్మీనియను సన్న్యాసులు 1834 లో పాడువాయందును, 1836 లో వెనీసునందును విద్యాలయములు తెరచిరి. తురుష్క సామ్రాజ్యపు ఆర్మీనియను బాలురు అచట చదివి కవులును పండితులునై మరలిరి. కలకత్తాలో 1821 లో వీరి ధర్మవిద్యాలయము నెలకొనెను. నాడు అది కలకత్తా వర్తకుల బిడ్డల కొరకు ఏర్పడినది. నేడు ఆర్మీనియా, ఇరాను దేశములనుండి వచ్చిన పిల్లలు అందు చదువుకొనుచున్నారు. చెన్నపట్టణమున ఆర్మీనియను వీధిలోని 1772 నాటి చర్చి చెక్కుచెదరక యున్నది గాని ప్రార్థనకు కూడు సంఘము లేదు.

ఇంతవరకు చెప్పినది ధనికుల దానము. ఒకడు గడించును, వీలునామా వ్రాయును, చనిపోవును. ఆ సొమ్ము మఠము చేతికో న్యాయస్థానము చేతికో పోవును. ఇరువదవ శతాబ్దమున వీరు వేరొక మార్గము త్రొక్కిరి. సుల్తాను అబ్దుల్ హమీదు కాలమున 1894 మొదలు 1896 వరకు ఆర్మీనియనులపై ఘోరమైన హత్యాకాండ జరిగెను. ఆ గాయము మానకమునుపే, 1906 ఏప్రిలు 15 వ తేదీన కైరో నగరమున బోఘోసు నూబారు పాషా తన మిత్రులను చేర్చి, ఆర్మీనియను సర్వజన ధర్మసంఘమును స్థాపించెను. ఊరూర శాఖలు, సభ్యులకు చందాలు, చందాలకు లెక్కలు: ఇవి దాని పద్ధతి. మొదటి యుద్దేశము బడి కూడ గాదు. దోపిడియైన పల్లెలలోని రైతులకు విత్తనములు, ఎడ్లు, పనిముట్లు ఇచ్చుట. అన్నము తరువాతనే అక్షరమని యెరిగిన పెద్దలు వారు.

ఆ సంఘము తొమ్మిదేండ్లు నిండకమునుపే 1915 వచ్చెను. తురుష్క ప్రభుత్వము ఆర్మీనియనులను లక్షలకొలది చంపించెను, ఎడారులకు తోలించెను. మూసా కొండపై నెదిరించి నిలిచిన సుమారు 4,000 మందిని ఆ సెప్టెంబరులో ఫ్రెంచి యోడలు ఈజిప్టులోని పోర్టుసయీదునకు చేర్చెను. గుడారముల నడుమ వారి పిల్లలకు బడి పెట్టినది ఈ సంఘమే. కాందిశీకులకు రొట్టె యిచ్చువారు పెక్కురుందురు. గుడారములో నల్లబల్ల నిలుపవలెనని తోచుట సామాన్యము కాదు. తరువాతి కాలమున సంఘపు కార్యస్థానము కైరోనుండి పారిసునకును, అచటినుండి న్యూయార్కునకును మారినది. ఎరెవాను చెంత కాందిశీకులకై కట్టిన గ్రామమునకు నూబారు పేరు పెట్టిరి. నేడది ఆ నగరములో నొక భాగము. పొగాకు వర్తకులైన మెల్కోనియాను సోదరుల ధనముతో సైప్రసు ద్వీపమున 1926 లో తెరచిన అనాథల విద్యాలయము సంఘము చేతిలో పెక్కేండ్లు నడచి, 2005 లో పూర్వవిద్యార్థులు వలదని మొరపెట్టినను మూసివేయబడెను. లెక్కలు సరిపోయినంత మాత్రమున దాత కోరిక నెరవేరినట్లు కాదని యిది తెలుపుచున్నది.

1988 డిసెంబరు 7 వ తేదీ భూకంపమున స్పిటాకు ప్రాంతమున సుమారు 25,000 మంది చనిపోయినప్పుడును, 1991 లో దేశము స్వతంత్రమైనప్పుడును ప్రవాసుల ధనము వెల్లువగా వచ్చెను. 1992 లో ఏర్పడిన మరియొక నిధి గోరిసు పట్టణమునుండి కరబాఖు కొండలకు రాజమార్గము వేయించెను. 2023 సెప్టెంబరులో ఆ కొండలనుండి లక్షమందికి పైగా ఆర్మీనియనులు సర్వమును విడిచి ఆ గోరిసు పట్టణమునకే వచ్చి చేరిరి. వారికి అన్నవస్త్రములు చూచుటకు శతాబ్దము దాటిన పాత సంఘములే మరల పూనుకొనవలసివచ్చెను.

ఇక మన సంగతి. పద్మశాలీలు కడుపు చేతపట్టుకొని భీవండికి, షోలాపురమునకు, సూరతునకు పోయి సాంచెలు నడుపుట మన తాతలనాటి మాట. 1970 తరువాత జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములవారు అరబ్బు దేశములకు పోసాగిరి. తండ్రి ముఖమును ఫోనులో మాత్రమే చూచు పిల్లలు మా తరగతులలో నెప్పుడును కలరు. ఆ తండ్రి పంపు పైకము మొదట ఏజెంటు కొరకు చేసిన అప్పునకు, పిదప ఇంటి గోడలకు, ఆ పిదప ఆడుబిడ్డ పెండ్లికి పోవును. మేము దీనిని తప్పుపట్టము. వస్కాను ఓడల యజమాని. మనవాడు ఎండలో ఇటుకలు మోయువాడు. వానిని చూపి వీనికి దానధర్మముల నుపదేశించుట న్యాయము గాదు.

అయినను మనవారికి కూడి ఇచ్చుట తెలియదని యెవరైన ననినయెడల మే మొప్పుకొనము. తోటివాడు అచట చనిపోయినప్పుడు శవమును ఊరికి పంపుటకు తలా యింత వేసికొందురు. ఊరిలో గుడికి, పండుగకు పంపుదురు. చావునకును గుడికిని కూడిన చందా, ఆ పని తీరగనే చెదరిపోవును. బడికి కావలసినది ఏటేట వచ్చు చిన్న మొత్తము, దానికొక చిట్టా, ఆ చిట్టాను అడిగి చూడగల ఊరివారు. పంపువాడు అక్కడ ఉండును. ఇక్కడ బ్యాంకునకు పోయి తెచ్చునది, అప్పులవానికి చెప్పుకొనునది, లెక్క జూచునది అతని యిల్లాలు. పొదుపు సంఘములలో నెలనెల సొమ్ము వ్రాయించుట ఆమెకు అలవాటైన పనియే. బడి సంగతి ఆమె నడుగక పురుషులను మాత్రమే సభకు పిలుచుట మన పెద్దల లోపము.

ఆర్మీనియనులలో నూబారు పాషాకంటె ముందే ఈ పనికి పూనుకొన్న స్త్రీలు కలరు. 1879 లో కాన్‌స్టాంటినోపిలు నగరమున జాబెల్ ఖాంజియాను మొదలగు కొందరు యువతులు సంఘముగా కూడి, దూరపు జిల్లాలలోని ఆర్మీనియను పల్లెలలో బాలికలకు పాఠశాలలు తెరచుటకు నిశ్చయించిరి. అప్పుడే బడి విడిచిన పిల్లలు. పాషాలు గారు, వర్తకులు గారు. చందాలు పోగుచేసి బడులు పెట్టిరి, ఉపాధ్యాయినులను పంపిరి. అబ్దుల్ హమీదు కాలపు హింసలలో ఆ సంఘము మూతపడెను. 1908 లో తురుష్క దేశమున రాజ్యాంగము మరల రాగానే, వారు దానిని మరల తెరచిరి.