వీథిబడి హాజరు పద్ధతి: 1823 నాటి బళ్లారి నివేదికనుండి తెలియు విషయములు

చెన్నరాజధాని గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో 1822 సం. జూను 25వ తేదీని ఒక మినిటు వ్రాసి, ప్రతిజిల్లాయందును గల పాఠశాలలెన్ని, అందు చదువు బాలబాలిక లెందఱు, వారే వర్ణములవారు, ఏ పుస్తకములు చదువుచున్నారు అను విషయములను తెలియజేయుమని కలెక్టరుల నడిగించెను. ఆ ప్రశ్నలకు వచ్చిన ప్రత్యుత్తరములలోని సంఖ్యలను గుఱించి విద్వాంసులు విస్తారముగా చర్చించియున్నారు. కాని బాలుడు బడికి ఏవేళకు రావలయును, ఆలస్యముగా వచ్చినవాని కేమి జరుగును, బడికిని ఇంటికిని గల సంబంధ మెట్టిది, చదువు నడుమ నేల ఆగిపోవును అను సంగతులు సంఖ్యలకంటె తక్కువ విలువ గలవి కావు. ఇవి యన్నియు నొకచోట దొరకునట్టి నివేదిక బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెలు 1823 సం. ఆగస్టు 17వ తేదీని పంపినది.

కాంబెలు ఆంధ్రభాషాభిమానులకు క్రొత్తవాడు కాడు. ఆయన తెనుగువ్యాకరణము 1816లోను, తెనుగునిఘంటువు 1821లోను చెన్నపట్టణమున అచ్చుపడినవి. దేశభాష నెఱిగిన యధికారి యగుటచే కాబోలు, తక్కిన కలెక్టరులలో పలువురు పట్టికలతో తృప్తిపడగా, ఈతడు బడిలోని దినచర్యనుగూడ వ్రాసి పంపెను.

నాటి బళ్లారిజిల్లా నేటి జిల్లావంటిది కాదు. 1800లో నిజామువలన ఇంగ్లీషు కంపెనీకి సంక్రమించిన దత్తమండలములలో నది యొక భాగము. అనంతపురము 1882లో ప్రత్యేకజిల్లా యగువఱకు ఆ సీమ బళ్లారిలోనే చేరియుండెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్లారి మైసూరునకును చేరినవి. రెండుభాషల సంగమస్థాన మగుటచేతనే యచటి 533 బడులలో కన్నడమువి 235, తెనుగువి 226గా నుండెను. మిగిలినవానిలో మహారాష్ట్రభాషవి 23, సంస్కృతమువి 23, పారసీకమువి 21, అరవమువి 4, ఇంగ్లీషుది 1. జిల్లాజనసంఖ్య 9,27,857, బడులలో చదువువారు 6,641 మంది. అనగా సుమారు 140 మందికి ఒక్కడు. వీరిలో బాలికలు 60 మందియే. బడి యొక్కింటికి సుమారు పండ్రెండుగురు విద్యార్థులు పడుదురు. ఈ పండ్రెండను సంఖ్య మీదివిచారమునకు ముఖ్యముగా కావలసియున్నది.

బాలుని కైదవయేట విద్యారంభము జరుగుచుండెను. అందు విశేష మేమనగా, బాలుడు బడికి పోవుటకు ముందు బడియే యాతనియింటికి వచ్చుచుండెను. తల్లిదండ్రులు ఉపాధ్యాయుని, బడిపిల్లలను తమయింటికి పిలిచెడివారు. అందఱును వినాయకప్రతిమ చుట్టును వలయముగా కూర్చుండగా, క్రొత్తబాలుని ప్రతిమ కెదురుగా కూర్చుండబెట్టి, ఉపాధ్యాయుడు ధూపమువైచి నైవేద్యమిడి, విద్యాబుద్ధులకై ప్రార్థన చేయించి, బియ్యములో దేవునిపేరు వ్రేలితో వ్రాయించుచుండెను. తల్లిదండ్రులు యథాశక్తిగా సంభావన యిచ్చి యాతనిని పంపెడివారు. మఱునాటి యుదయమునుండి చదువు మొదలు. ఊరిలోని తక్కిన పిల్లలయెదుట జరుగుటచే నిది యట్టి బడికి ప్రవేశపత్రము, సాక్షిసంతకము రెండును అని చెప్పదగును.

బడి తెఱచు వేళ సాధారణముగా ఉదయము ఆఱుగంటలని కాంబెలు వ్రాసెను. ముందుగా వచ్చిన బాలుని అఱచేతిలో గౌరవచిహ్నముగా సరస్వతి యను పేరు వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. వాడు మెప్పునకుగాని నిందకుగాని పాత్రుడు కాడని దాని భావము. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలవవానికి రెండు, ఆపైని వచ్చు నొక్కొక్కనికి నొక్కొక్కటి హెచ్చు. ఇట్టి యాచారము కొంచెము కఠినముగా తోచుచున్నదని యాతడే చెప్పియున్నాడు.

ఈ నియమమును అక్షరశః పాటించినచో నేమగునో లెక్కించి చూడవచ్చును. పండ్రెండుగురు గల బడిలో మూడవవానికి ఒకటితో మొదలై పండ్రెండవవానికి పది దెబ్బలు వచ్చును. మొత్తము ఏబదియైదు. పిల్లలందఱును ప్రొద్దు పొడువకమున్నే వచ్చినను ఈ యేబదియైదును తప్పవు. ఏలయన, ఈ పద్ధతిలో ఆలస్యమనగా నిర్ణీతకాలము మీఱుట కాదు, తోడివానికి వెనుకబడుట. ఎంతత్వరగా వచ్చినను కడపటివా డొకడుండక తప్పదు. ఆ కడపటివానికి శిక్షయు తప్పదు. ఇరువదిమంది గల బడిలో నదే లెక్క ప్రకారము కడపటివానికి పదునెనిమిది పడవలయును. వాస్తవమున ఉపాధ్యాయులెల్లరు నీలెక్కను తుదివఱకు నడిపిరని తలపబనిలేదు. ఐనను నియమముయొక్క స్వభావము దీనివలన స్పష్టమగుచున్నది.

ఇట్టి నియమ మేల పుట్టెనో ఊహించుట కష్టముకాదు. గ్రామమున గడియారము లేదు. ఆఱుగంటలని వ్రాసినది దొరగారి కొలత. ఊరివారికి తెలిసినది ప్రొద్దుపొడుపు. ప్రొద్దుపొడుపు ఋతువునుబట్టి మాఱును, మబ్బుపట్టిననాడు కానరాదు. గడియ తెలియనిచోట ఎవడు వేళకు వచ్చెను, ఎవడు రాలేదు అని తీర్పుచెప్పుట కుపాధ్యాయుని కాధారము లేదు. ఎవనివెనుక నెవడు వచ్చెనను క్రమము మాత్రము అందఱికిని కనబడును, వివాదమునకు తావీయదు. కావున కాలమునకు బదులు క్రమమే కొలతగా నిలిచెను. పలకయు కాగితమును అక్కఱలేని హాజరుపట్టీ యిది. పిల్లల అఱచేతులే దాని పుటలు.

ఆలస్యమునకు మించిన తప్పులకు వేఱు శిక్షలు గలవు. సోమరియగు బాలుని కొట్టుదురనియు, రెండుచేతులును కట్టి కప్పునకు వ్రేలాడదీయుదురనియు, ఎడతెగక కూర్చుండి లేచునట్లు చేయుదురనియు నివేదికలో నున్నది. వ్రేలాడదీయుట తెనుగుబడులలో కోదండమని పేరుపొందినది, కూర్చుండి లేచుట గుంజీలు. ఈ కడపటిశిక్ష మిక్కిలి బాధాకరమైనను బహుశః ఆరోగ్యకర మగునేమో యని కాంబెలు వ్రాసిన వాక్యమున నించుక హాస్యము లేకపోలేదు. బడిదొంగ యను మాట మనభాషలో నేటికిని నిలిచియుండుట ఈ వ్యవహారము లెంత సామాన్యములో చెప్పుచున్నది. చదువు నెగవేసినవాడు సొమ్ము దొంగిలినవానితో సమానమని లోకము భావించెను గాబోలు.

అయినను ఈ బడులను దండనశాలలుగా మాత్రమే చూచుట న్యాయము కాదు. పిల్లలందఱును చేరినతోడనే వారిని సాధారణముగా నాలుగు తరగతులుగా విభజించి, క్రిందితరగతులను పెద్దపిల్లల కప్పగించి, పైవారిని ఉపాధ్యాయుడు స్వయముగా చూచుకొనుచు, బడియంతటిమీదను కన్నువేసి యుండెను. తరగతి మాఱుట వయస్సునుబట్టి కాక బుద్ధినిబట్టియు అభివృద్ధినిబట్టియు జరుగుచుండెను. ముందు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట, పిదప తాటియాకుమీద గంటముతోనో, బొగ్గుపూసిన పలకమీదనో, కడితముమీదనో వ్రాయుట. స్వల్పవ్యయముతో వ్రాత నేర్పుటయు, నేర్చినవాడు నేరనివానికి చెప్పుచు తన చదువును దృఢపఱచుకొనుటయు మెచ్చదగినవని కాంబెలు కొనియాడెను. చెన్నపట్టణపు సైనికుల యనాథబాలుర శాలకు 1789లో అధికారియైన ఆండ్రూ బెల్ అనునతడు, ఇచ్చటి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన శాలలో ప్రవేశపెట్టి, పిల్లలచేత పిల్లలకు చెప్పించు విధానమును 1797లో లండనున ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఇంగ్లండు దీని ననుకరించుట తగియేయున్నదని కాంబెలు వ్రాసినది ఈ విషయమును గుఱించియే.

సెలవుల విషయమున ప్రాచీనసంప్రదాయము వేఱు. అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలు అనధ్యయనదినములని మనుస్మృతి విధించుచున్నది. పాడ్యమినాటి చదువు నిలువదను భావము ఎంత ప్రాచీనమో సుందరకాండమే సాక్షి. అందు కృశించిన సీత పాడ్యమినాడు చదువువాని విద్యతో పోల్చబడినది. ఈ విధులు వేదాధ్యయనమునకు చెప్పబడినవేయైనను, వీథిబడులు సైతము పున్నమ, అమావాస్యలకు సెలవిచ్చుట యాచారమై యుండెను. ఆదివారపు సెలవు దొరతనమువారి కచేరీలనుబట్టి వచ్చినది.

బడికిని కుటుంబమునకును గల బంధము జీతముతో ముడివడియుండెను. ఒక్కొక్క బాలునికి నెలకు పావలా మొదలు అర్ధరూపాయవఱకు, తల్లిదండ్రుల స్థితినిబట్టి, ఇచ్చుచుండిరని కాంబెలు తెలుపుచున్నాడు. పండ్రెండుగురు పిల్లలైనచో ఉపాధ్యాయునికి నెలకు మూడురూపాయలనుండి ఆఱురూపాయలు వచ్చును. ఉపాధ్యాయులకు నెలకు ఆఱేడు రూపాయలకంటె నెక్కువ రాదనియు, అంతమాత్రమునకు యోగ్యులు దొరకరనియు 1826 మార్చి 10వ తేదీ మినిటులో మన్రో వ్రాసినది ఈ లెక్కకు సరిపోవుచున్నది. ఈ కొఱతను తీర్చుటకే దసరాదినములలో ఉపాధ్యాయుడు పిల్లలను వెంటబెట్టుకొని, వారిచేత విల్లంబులు పట్టించి, పద్యములు చదివించుచు, ఇంటింటికిని పోయి కానుకలు గొనెడి యాచారము తెనుగునాట ప్రబలియుండెను. నేటిబడులలో తల్లిదండ్రులు నియమితదినమున బడికి పోయి పిల్లల చదువు నెఱుగుదురు. నాడు బడియే వచ్చి వీథియరుగుమీద పిల్లల చదువును వినిపించి పోయెడిది.

దీనినుండి యొక సంగతి తేలుచున్నది. ఒక్క బాలుడు బడి మానినచో ఉపాధ్యాయుని యాదాయమున పండ్రెండవవంతు పోవును. కావున పిల్లవాడు రావలయునని ఉపాధ్యాయునికి గల పట్టుదల క్రమశిక్షణాభిమానముచేత మాత్రమే కలిగినది కాదు. ఆతని కుండలోని మెతుకులును దాని నాశ్రయించియున్నవి. దెబ్బలు కొట్టినవాడును పేదవాడే.

దెబ్బలు తిన్నవాని స్థితి యేమి? చదువు మానుటకు గల కారణములను కాంబెలు దాపఱికము లేక వ్రాసెను. దేశము క్రమక్రమముగా దరిద్రమగుచున్నదనియు, ఐరోపావస్త్రములు వచ్చి యిచ్చటి నూలుబట్టల స్థానము నాక్రమించుటచే పనివాండ్ర జీవనము క్షీణించినదనియు, తమ లేతచేతులు కొంచెమైనను పనికి వచ్చినతోడనే పిల్లలను తల్లిదండ్రులు కూలికి పెట్టుకొనుచున్నారనియు, జిల్లాలోని 533 బడులలో నొక్కటియు ప్రభుత్వసహాయము పొందకుండుట సిగ్గుచేటనియు ఆతడు తెలిపెను. కలిగినవారి పిల్లలు పదునాలుగు పదునైదేండ్లవఱకును చదువగా, లేనివారి పిల్లలు ఐదేండ్లకే బడి విడుచుచుండిరి.

ఈ రెండువిషయములను, అనగా దెబ్బలక్రమమును దారిద్ర్యమును, కాంబెలు వేఱువేఱుచోట్ల వ్రాసెను. వానిని చేర్చి చూచినపుడే అసలు చిక్కు బయటపడును. ప్రొద్దున పసుల విప్పవలసినవాడును, నీరు తేవలసినవాడును, తండ్రితో మగ్గముకడ కూర్చుండవలసినవాడును బడికి ముందుగా రాగలుగునా? సరస్వతి యనుపేరు ఎవని అఱచేతిలో తఱచుగా వ్రాయబడియుండునో, పది దెబ్బలు ఎవనికి తఱచుగా పడియుండునో యూహించుట కష్టము కాదు. క్రమమునుబట్టి దండించు నియమము బాలుని శ్రద్ధను కొలుచుచున్నానని యనుకొనుచు, వాని యింటి కలిమిని కొలిచెను. వాడు మానుకొన్ననాడు ఉపాధ్యాయునికి పావలా, ఊరికి ఒక చదువరి తగ్గిరి.

మన్రో 1826 మినిటుప్రకారము రాజధాని యంతటను 12,498 బడులును, 1,28,50,941 జనులలో 1,88,650 మంది చదువువారును ఉండిరి. తాసీలుదారీ బడుల యుపాధ్యాయులకు నెలకు తొమ్మిది రూపాయలు, జిల్లాబడులవారికి పదునైదు రూపాయలు జీతముగా నీయవలెనని యాత డేర్పఱచెను. కాని 1827 జూలై 6వ తేదీని పత్తికొండలో ఆతడు మరణించెను. తాసీలుదారీ బడులు 1836లో ఎత్తివేయబడినవి. నిర్బంధవిద్యకు వీలు కల్పించు చెన్నరాజధాని ప్రాథమికవిద్యాచట్టము 1920లో వచ్చెను. అప్పటినుండి హాజరు అనునది ఉపాధ్యాయునికిని బాలునికిని నడుమ వ్యవహారము గాక, చట్టమునకును తల్లిదండ్రులకును నడుమ వ్యవహార మయ్యెను. 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన 2009 నాటి విద్యాహక్కుచట్టపు 17వ విభాగము పిల్లలను శరీరమున దండించుటను, మనస్సున వేధించుటను నిషేధించెను.

ధర్మపాలుడు 1983లో ఈ నివేదికలను గ్రంథరూపమున ప్రకటించిన పిదప, పూర్వపుబడులను గొప్పవని కొందఱును, క్రూరములని కొందఱును వాదించిరి. ఇరుపక్షములకును కాంబెలు నివేదికయే యాధారము. ఒకరు పెద్దపిల్లలచే చెప్పించు పద్ధతిని, ఒకరు కోదండమును ఎత్తిచూపుదురు. నివేదికను సమగ్రముగా చదివినవారికి రెండును నిజములే. వీనికంటె ముఖ్యమైన మూడవనిజము మఱియొకటి గలదు: బాలుని బడికి రప్పించుటలో బెత్తమునకు గల శక్తి స్వల్పము. అటు తరువాతి చరిత్రయు నిదే చెప్పుచున్నది. 1995 ఆగస్టు 15వ తేదీని దేశమంతటికిని ఏర్పడిన మధ్యాహ్నభోజనపథకము, వండిన యన్నము పెట్టవలసినదే యని 2001 నవంబరు 28వ తేదీని సర్వోన్నతన్యాయస్థాన మిచ్చిన యుత్తరువు, కాంబెలు చూపిన వ్యాధిమూలమునే గుఱిగా పెట్టుకొన్నవి. కడపటగా వచ్చిన బాలుని దెబ్బలను లెక్కించుటకంటె, వాడేల కడపటగా వచ్చెనో విచారించుట ఉపాధ్యాయధర్మమని ఈ నివేదిక బోధించుచున్నది.