చేనులో నాణెం దొరికితే తోమొద్దు

మడకశిర వైపు నాగలిని మడక అంటారు. మడక దున్నేటప్పుడు ఒక్కోసారి పాత లోహపు ముక్క తగులుతుంది. మనవాళ్లు ముందు చింతపండు పెట్టి తోముతారు, తర్వాత కంసాలి దగ్గరికి పోతారు. అక్కడితో దాని కథ సరి.

మడకశిరకు పడమర సుమారు 100 కిలోమీటర్లలో చిత్రదుర్గ, దాని పక్కనే చంద్రవల్లి. 1947లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించినప్పుడు రోమన్ చక్రవర్తి టైబీరియస్ వెండి నాణెం బయటపడింది. బరువు నాలుగు గ్రాములు కూడా ఉండదు. కానీ దొరికింది శాతవాహనుల కాలపు మట్టి పొరలో. టైబీరియస్ ఏలింది క్రీ.శ. 14 నుంచి 37 దాకా. అంటే ఆ పొర, అందులోని కుండపెంకులు పూడింది క్రీ.శ. 14 తర్వాతే అని తేలింది. అదే నాణెం సంతలో కొన్నదైతే? చూడ్డానికి ఒక బొమ్మ, అంతే.

ఇంగ్లండ్‌లో 1997 నుంచి ఒక పథకం ఉంది. పొలంలో దొరికిన రోమన్ పిన్నును కూడా దొరికిన చోటుతో సహా రాసుకుంటారు. మనకున్నది 1878 నాటి నిధుల చట్టం. భూమిలో దాగినది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి, దాస్తే నేరం. ప్రభుత్వం తీసుకుంటే లోహం విలువ, దానిపై ఐదో వంతు ఇస్తుంది. చరిత్రకు కట్టిన ధర ఐదో వంతన్నమాట! కంసాలి గుర్తొచ్చాడంటే రైతును ఏమనగలం?

దొరికిన చోటే పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీయండి. లొకేషన్ సేవ్ చేయండి. స్టేటస్‌లో మాత్రం పెట్టకండి, రాత్రికి గుప్తనిధుల వాళ్లు పారలతో దిగుతారు.