Women Health: నెలల తరబడి పీరియడ్స్ రావట్లేదా? లైట్ తీసుకోవద్దు.. గర్భాశయ క్యాన్సర్ ముప్పు ఎవరికి ఎక్కువంటే..

రెండు మూడు నెలలు పీరియడ్స్ రావు. వచ్చాయంటే పది రోజులైనా ఆగవు. 'వేడి చేసిందేమో', 'టెన్షన్ వల్లేమో' అని చాలామంది సరిపెట్టుకుంటారు. కొందరైతే రాకపోవడమే హాయి అనుకుంటారు. కానీ గర్భాశయం లోపలి పొరలో వచ్చే ఎండోమెట్రియల్ క్యాన్సర్‌కు ఇది తొలి హెచ్చరిక కావచ్చు. ఈ క్యాన్సర్ ఎక్కువగా మెనోపాజ్ తర్వాత, 60 ఏళ్ల వయసులో బయటపడుతుంది. అయితే 40 ప్లస్‌లో, అరుదుగా అంతకన్నా ముందూ వస్తుంది. నెలసరి ఇంకా వస్తున్న వయసు కాబట్టి బ్లీడింగ్‌లో తేడా వచ్చినా ఎవరూ అనుమానించరు. చిక్కు అక్కడే!

అసలేం జరుగుతుంది?

ప్రతి నెలా ఈస్ట్రోజన్ హార్మోన్ గర్భాశయం లోపలి పొరను పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ తయారై ఆ పెరుగుదలకు బ్రేక్ వేస్తుంది. అండం విడుదల కాకపోతే ఈ బ్రేక్ ఉండదు. పొర మందంగా పెరుగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే కొందరిలో కణాలు మారిపోయి క్యాన్సర్‌కు దారితీస్తాయి.

ముప్పు ఎవరికి ఎక్కువ?

* అధిక బరువు: కొవ్వు కణాలు కూడా ఈస్ట్రోజన్‌ను తయారుచేస్తాయి. బరువు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుంది. మన దేశంలో బీఎంఐ 25 దాటితేనే ఊబకాయంగా లెక్కిస్తారు.
* పీసీఓఎస్: అండం సరిగా విడుదల కాదు. ఈ సమస్య ఉన్నవారికి ముప్పు దాదాపు 3 రెట్లు ఎక్కువ.
* టైప్ 2 షుగర్: ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా ఉండటం కూడా ఈ పొర పెరగడానికి తోడవుతుంది.
* వంశపారంపర్యం: లించ్ సిండ్రోమ్ అనే జన్యులోపం ఉంటే చిన్న వయసులోనే రావచ్చు. ఇంట్లో ఎవరికైనా 50 ఏళ్లలోపు పెద్దపేగు లేదా గర్భాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పాలి.
* పిల్లలు పుట్టకపోవడం, 12 ఏళ్లలోపే రజస్వల కావడం కూడా ముప్పును కొంత పెంచుతాయి.

ఇవి ఉన్నంత మాత్రాన క్యాన్సర్ వస్తుందని కాదు. పీసీఓఎస్ ఉన్నవారిలోనూ ఎక్కువ మందికి రాదు.

ఎప్పుడు డాక్టర్‌ దగ్గరికి వెళ్లాలి?

నెలసరికి నెలసరికి మధ్య బ్లీడింగ్ కనిపించినా, వారం దాటినా ఆగకపోయినా, 3 నెలలకు పైగా పీరియడ్స్ రాకపోయినా గైనకాలజిస్ట్‌ను కలవాలి. పాప్ స్మియర్ నార్మల్ వచ్చిందని ధీమా వద్దు. అది గర్భాశయ ముఖద్వారానికి చేసే పరీక్ష. ఈ వయసులో పొర మందం నెలలో రోజురోజుకీ మారుతుంది కాబట్టి స్కానింగ్ ఒక్కటే సరిపోదు. 45 ఏళ్లు దాటినవారికి, అంతకన్నా చిన్నవారైనా పైన చెప్పిన ముప్పులు ఉన్నవారికి బయాప్సీ అవసరం కావచ్చు. అంటే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.

గర్భసంచి తీసేయాల్సిందేనా?

గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఏపీ, తెలంగాణ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కానీ బ్లీడింగ్ తేడా వచ్చిన ప్రతిసారీ ఆపరేషన్ అక్కర్లేదు. పొర మందంగా పెరిగినా, కణాల్లో తేడా లేకపోతే ప్రొజెస్టెరాన్ మాత్రలు లేదా హార్మోన్ లూప్‌తో చాలామందికి తగ్గుతుంది. బయాప్సీ రిపోర్ట్ చూశాకే ఏ నిర్ణయమైనా. బరువు తగ్గడం, రోజూ నడవడం ముప్పును తగ్గిస్తాయి. అన్నిటికంటే ముందు.. పీరియడ్స్ వచ్చిన తేదీ, ఆగిన తేదీ ఫోన్‌లో నోట్ చేసుకోండి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే.