కణంలోని రేవులు: ఒక అన్వేషణ చరిత్ర

గౌతమిపై వంతెన లేని రోజుల్లో యానాం నుండి ఎదుర్లంకకు పంటిపై దాటిన పెద్దలకు, సరకును ఎక్కించడమే కాక తగిన రేవులో దింపడమూ ముఖ్యమేనని వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి జీవకణంలోనూ అటువంటి రవాణా నిత్యమూ సాగుతూ ఉంటుంది. శాస్త్రజ్ఞులు దాని జాడ పట్టడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

1898లో ఇటలీ శాస్త్రవేత్త కమిల్లో గాల్జీ నాడీకణంలో వల వంటి నిర్మాణాన్ని చూశాడు. అది నిజమా, రంగు అద్దడం వల్ల కలిగిన భ్రమా అన్న వాదం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చేదాకా తెగలేదు. 1967లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో జార్జ్ పలాడే, జేమ్స్ జేమీసన్ గినీపంది క్లోమగ్రంథి ముక్కలకు 3 నిమిషాలపాటు రేడియోధార్మిక ల్యూసిన్ అందించి, ఆ గుర్తు వెంట నడిచారు. అప్పుడే తయారైన ప్రోటీన్లు మొదట అంతర్జీవద్రవ్యజాలంలోనూ, పిమ్మట గాల్జీ సంక్లిష్టం వద్దా, సుమారు 2 గంటలకు స్రావక రేణువులలోనూ కనిపించాయి. మజిలీల మధ్య వాటిని మోసేవి కోశికలనే అతి సూక్ష్మమైన పొరసంచులు. 1974లో పలాడే నోబెల్ బహుమతి అందుకున్నాడు.

1968లో ఆ ఇద్దరే ప్రకటించిన ఫలితం తెలుగువారికి ప్రత్యేకంగా పట్టవలసినది. ప్రోటీన్ల తయారీని ఆపినా రవాణా ఆగలేదు. కణశ్వాసక్రియను ఆపితే మాత్రం సరకు మొదటి మజిలీ దాటలేదు. శ్వాసక్రియ అందించే ఆ శక్తికి వాహకం ఎ.టి.పి. దానిని 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఆ ఏడే దానిని విడిగా కనుగొన్నాడు. ఎ.టి.పి. గురించి పరీక్షలో రాసే విద్యార్థులలో సుబ్బారావు పేరు ఎరిగినవారు ఎందరో సందేహమే. 1948లో అమెరికాలో కన్నుమూసిన ఆయనకు, తాను కనుగొన్న పదార్థం కణంలోని పడవలను కూడా నడుపుతుందని తెలిసే అవకాశం లేకపోయింది.

1979లో కాలిఫోర్నియాలో రాండీ షెక్‌మన్, పీటర్ నోవిక్ వేడిమి పెరిగితే స్రావం స్తంభించే ఈస్ట్ రకాన్ని గుర్తించారు. రేవు దొరకని పడవల వలె అందులో కోశికలు పోగుపడ్డాయి. 1988లో జేమ్స్ రోత్‌మన్ బృందం జంతుకణాల నుండి వేరుచేసిన ఎన్.ఎస్.ఎఫ్. అనే ప్రోటీన్, షెక్‌మన్ గుర్తించిన ఈస్ట్ ప్రోటీన్లలో ఒకదానికి సరిజోడని మరుసటి ఏడే తేలింది. పిండిని పులియబెట్టే ఈస్ట్‌కూ జంతువుకూ ఒకటే యంత్రాంగమన్నమాట! కోశికపైనా, గమ్యపు పొరపైనా ఉండి, ఒకదానినొకటి పెనవేసుకొని ఆ రెండు పొరలనూ కలిపేవి స్నేర్ ప్రోటీన్లని 1993లో వెల్లడైంది. విచిత్రమేమంటే, ఎన్.ఎస్.ఎఫ్. ఎ.టి.పి.ని వెచ్చించేది పొరలను కలపడానికి కాదు. పని ముగించిన స్నేర్ల ముడి విప్పి మళ్లీ సిద్ధం చేయడానికి. నాడీకణంలో ఈ విడుదలకు కాల్షియం వేళ నిర్ణయించే తీరును థామస్ స్యూడాఫ్ వివరించాడు. 2013లో రోత్‌మన్, షెక్‌మన్, స్యూడాఫ్ నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

ధనుర్వాతపు విషం కోసివేసేది ఈ స్నేర్ ప్రోటీన్లలో ఒకదానినేనని 1992లో తెలిసింది. కండరాలను సడలించవలసిన సంకేతం అప్పుడు కోశికలలోనే చిక్కుకుపోతుంది. రోగి దేహం విల్లులా బిగుస్తుంది. బిడ్డలకు వేయించే టీకా, ఆ విషం నాడిని చేరకముందే దానిని అడ్డగిస్తుంది.