మారుమనస్సు: ఒక మాట వెనుక కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగారు. సర్వీసు ముచ్చట్లు చాలామంది వ్రాస్తారు కనుక, నేను ఒక మాట చరిత్ర చెబుదామనుకున్నాను. చివరికి అదీ సర్వీసు ముచ్చటే అయింది.

మా మెట్టుగూడలో పొద్దున నాతోపాటు నడిచే మిత్రుడొకరు రైల్వేలో ఫిట్టరుగా రిటైరయ్యారు. చర్చికి వెళ్లే మనిషి. ఒకరోజు ఆయన, "ఏమండీ, ఆఫీసులో మీరు అనువాదాలు చేశారు గదా! మా బైబిలులో ఒకచోట మారుమనస్సు అని, ఒకచోట పశ్చాత్తాపం అని ఉంటుంది. రెండూ ఒకటేనా?" అని అడిగారు. నేను బైబిలు చదివినవాణ్ణి కాను. ఆయన దగ్గరే పుస్తకం తీసుకుని, తెలిసినవారిని అడిగి, గ్రంథాలయంలో వెతికి కొంత తెలుసుకున్నాను.

కొత్త నిబంధన మూలం గ్రీకు భాష. అందులో మారుమనస్సుకు మూలపదం "మెటనోయా". మెటా అంటే తరువాత, మార్పు అనే అర్థాలు. నూస్ అంటే మనస్సు. క్రైస్తవానికి ముందే గ్రీకులు ఈ మాట వాడారు. క్రీ.పూ. 427లో మిటిలీనీ అనే పట్టణం ఏథెన్సుపై తిరుగబడి ఓడిపోయింది. అక్కడి మగవారినందరినీ చంపాలని ఏథెన్సు సభ తీర్మానించి, ఉత్తర్వుతో ఓడను పంపింది. మరునాడే జనానికి మనసు మారిందని చెబుతూ చరిత్రకారుడు థుసిడిడీస్ ఈ మాటే వాడాడు. సభ మళ్లీ కూడి ఉత్తర్వు రద్దు చేసి రెండో ఓడను పంపింది. తెడ్లు వేసేవారు తిండి కూడా తెడ్డు వదలకుండానే తిన్నారు. మొదటి ఉత్తర్వు చదివి అమలు చేయబోతుండగా రెండోది అందింది. తిరుగుబాటు నాయకులకు శిక్ష తప్పలేదు గాని, ఊరు బతికింది.

నాలుగో శతాబ్దం చివర జెరోము లాటిన్ బైబిలును సవరించినప్పుడు ఈ పదానికి "పేనిటెన్షియా" అనే మాట నిలిచింది. దానికి పశ్చాత్తాపమనీ, పాపానికి చేసే ప్రాయశ్చిత్తమనీ రెండర్థాలు. జనం రెండో అర్థమే ఎక్కువగా పట్టుకున్నారు. 1516లో ఎరాస్మస్ గ్రీకు మూలాన్ని అచ్చు వేసి, లాటిన్ మాటను సవరించాడు. 1517లో మార్టిన్ లూథర్ ప్రకటించిన 95 వాదాలలో మొట్టమొదటిది ఈ మాట గురించే. ఒక్క పదం అర్థం మీద యూరప్‌లో ఎంత కదలిక వచ్చిందో చూడండి!

ఇక మన తెలుగు. 1726లో మద్రాసు చేరిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి బైబిలును అనువదించాడు గాని, అది అచ్చుకు నోచుకోలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే లండన్ మిషనరీలు ఆనందరాయర్ అనే పండితుని సహాయంతో పని మొదలుపెట్టారు. 1812లో మూడు సువార్తలు సేరంపూరులో అచ్చయ్యాయి.

ఇప్పుడు వాడుకలో ఉన్న పాత అనువాదంలోని "మారుమనస్సు" గ్రీకు పదానికి అచ్చుగుద్దినట్లుంటుంది. మారుపేరు, మారువేషం, మారుతాళం మనకు తెలిసినవే. మారువేషం బట్టలు మారుస్తుంది, ఇది లోపలిదాన్ని మారుస్తుంది. కతోలికులు "హృదయ పరివర్తనము" అంటారు. యూదా గురువును పట్టించి తరువాత బాధపడిన చోట గ్రీకులో వేరే పదముంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు రెండింటికీ ఒకే మాట వాడింది. తెలుగువారు మాత్రం అక్కడ "పశ్చాత్తాపం" అని వేరుచేశారు.

ఈ తేడా తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. 1966 అధికార భాషా చట్టం తరువాత ఆఫీసుల్లో తెలుగు మెల్లగా పెరిగింది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తర్వులకు తెలుగు ప్రతులు నేనే వ్రాసేవాణ్ణి. చనిపోయిన ఒక అటెండరు భార్యకు "ప్రొవిజనల్"గా, అంటే లెక్క తేలేవరకు ఇవ్వవలసిన పింఛనును నేను "తాత్కాలికము" అని వ్రాశాను. పై ఆఫీసువారు ఇక గడువు తీరిందని ఆపేశారు. ఆమె వచ్చి, "అయ్యా, నా పింఛను ఎందుకు ఆగింది?" అని అడిగింది. తప్పు నాదేనని నాకు తెలుసు. మెమో వస్తుందని భయపడి, "ఫైలు నడుస్తోందమ్మా" అన్నాను. రోజూ బాధపడేవాణ్ణి, కాని నోరు విప్పలేదు. చివరికి నా పొరపాటు ఒప్పుకుంటూ నోటు పెట్టాను. సూపరింటెండెంటు గారు కోప్పడ్డారు, అంతే. బకాయిలతో సహా పింఛను వచ్చింది. ఆలోగా ఆమె తాకట్టు పెట్టిన వెండి కడియాలు మాత్రం తిరిగి రాలేదు.

మిత్రునికి ఈ సంగతి చెప్పి, "మీ ప్రశ్నకు జవాబు దొరికిందండీ. పశ్చాత్తాపం నాకు మొదటి రోజే కలిగింది. మారుమనస్సు కలగడానికి మూడు నెలలు పట్టింది" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడకుండా నడిచి, "రెండో ఓడ ఆలస్యంగానైనా బయలుదేరింది కదా" అన్నారు.

మన పిల్లలు, మనుమలు ఇప్పుడు ఆఫీసుల్లో ఉన్నారు. వారి బల్ల మీదా ఇలాంటి ఫైలు ఉంటే ఆ ఓడను ఈరోజే పంపమని చెప్పండి. సెలవు.