విశాఖ తీరం: భూస్వరూపాల చరిత్ర

విశాఖపట్నం తీరం బంగాళాఖాతం పడమటి ఒడ్డున, తూర్పు కనుమలు సముద్రం అంచుదాకా దిగివచ్చే చోట ఉంది. కొండముక్కులు, వాటి మధ్య ఇసుక తిన్నెలు, రాతి తోరణం, ఎర్రమట్టి దిబ్బలు కొద్ది దూరంలోనే కనిపించడం దీని ప్రత్యేకత. ఇక్కడ పెద్ద పోటు రోజుల్లో కూడా ఆటుపోట్ల తేడా సుమారు ఒకటిన్నర మీటరే. అందువల్ల ఒడ్డును మలచడంలో అలలదే పైచేయి.

రాతి తీరం

ఈ కొండల్లో ప్రధాన శిల ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో దీనికా పేరు పెట్టారు. రేవుకు దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకుపోయింది. లోతు తగ్గేచోట అలలు నెమ్మదించి వంగుతాయి. వాటి బలమంతా కొండముక్కు మీద పడుతుంది, పక్క ఒంపుల్లో సన్నగిల్లుతుంది. ముక్కు కోతకు గురికావడానికీ ఒంపుల్లో ఇసుక మేట వేయడానికీ కారణమిదే. అల కొట్టినప్పుడు పగుళ్లలోని గాలి ఒక్కసారిగా నొక్కుకుపోయి, నీరు వెనక్కి తగ్గగానే విడుదలవుతుంది. అలతో దొర్లివచ్చే రాళ్లు ఆకురాయిలా అరగదీస్తాయి. భీమిలి దారిలో మంగమారిపేట దగ్గరున్న శిలాతోరణంలో ఈ కోత ఫలితం కనిపిస్తుంది. మెత్తటి భాగం పోయి, గట్టి రాయి కప్పులా మిగిలింది. ఇలాంటి కప్పు కూలితే సముద్రం వైపు ఒంటి రాతిస్తంభం నిలుస్తుంది.

ఎర్రమట్టి దిబ్బలు

సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం తీవ్రంగా ఉన్నప్పుడు, సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. అలా సముద్రం వెనక్కి తగ్గిన కాలాల్లో బయటపడ్డ ఇసుకను గాలి ఒడ్డుకు చేర్చి కుప్పలు పోసింది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కింది. తర్వాత వాననీరు వాటిని లోతైన గండ్లుగా కోసింది.

ఇసుక నడక

అల ఏటవాలుగా ఒడ్డెక్కుతుంది. తిరిగేటప్పుడు నీరు వాలు వెంట నేరుగా దిగుతుంది. దాంతో ఇసుక రేణువు ప్రతి అలకూ కాస్త పక్కకు జరుగుతుంది. ఈ నడక నైరుతి రుతుపవనాల కాలంలో ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానిదే మొగ్గు. 1950ల తొలినాళ్లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్, సహచరులతో కలిసి వాల్తేరు తీరంలో ఇసుక పెరిగి తరిగే తీరును పరిశీలించారు. గట్టి కోత తర్వాత తేలిక ఇసుక కొట్టుకుపోయి, బరువైన ఇల్మెనైట్ ఒడ్డున నల్లటి చారలుగా మిగులుతుంది.

రేవు తర్వాత

1933లో రేవు ప్రారంభమైంది. దాని ముఖద్వారం దగ్గర అలల ఉధృతిని తగ్గించడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా చేశారు. 1970లలో బాహ్య నౌకాశ్రయం కట్టారు. ఈ కట్టల దగ్గర దక్షిణపు ఇసుక ఆగిపోగా, ఉత్తరాన ఉన్న ఆర్‌కే బీచ్‌కు రావలసిన వాటా తగ్గింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరాన్ని మరింత కోసింది. రేవులో తవ్వి తీసిన ఇసుకను పైపులతో ఈ బీచ్‌లో పోస్తున్నారు. అలలు దాన్నీ ఉత్తరానికి నడిపిస్తాయి కనుక, పోసిన చోటే మళ్లీ మళ్లీ పోయవలసి వస్తోంది.