వేరు శిలీంద్రాలు: పురుగుమందులు, నేల బాక్టీరియా ప్రభావం

మొక్క వేళ్లలోకి చొచ్చుకుపోయి, మట్టిలోని భాస్వరం, జింకు మొక్కకు అందించి, బదులుగా చక్కెరలు, కొవ్వులు తీసుకునే శిలీంద్రాలను మైకోరైజా అంటారు. 1885లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఫ్రాంక్ ఈ పేరు పెట్టాడు. పంటల్లో కనిపించేది ఎక్కువగా అర్బస్క్యులర్ రకం. వ్యవసాయ అధికారుల నోట అది 'వామ్'.

పెద్దపల్లి జిల్లా కాల్వ శ్రీరాంపూర్ ప్రాంతపు పంటల్లో పత్తి, మక్క వీటికి మంచి ఆతిథ్యమిస్తాయి. నీళ్లు నిలిచే వరి మడిలో గాలి ఆడదు కనుక ఇవి బాగా తగ్గిపోతాయి. వానాకాలం, యాసంగి రెండూ వరే వేసే పొలంలో మందుల కన్నా ముందు ఈ సంగతి చూడాలి.

మందులన్నీ ఒకే రకంగా పనిచేయవు. పత్తి ఆకుల మీద కొట్టే పురుగుమందు కన్నా విత్తనశుద్ధికి వాడేవి, మొదళ్లలో పోసే తెగుళ్ల మందులు వేరుకు దగ్గరగా చేరతాయి. వీటిలో కార్బండజిమ్ శిలీంద్ర కణాల విభజననే ఆపుతుంది. రోగకారకమా, మేలు చేసేదా అని చూడదు. పైగా బీడు నేలలో అది సగానికి తగ్గడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు. మెటలాక్సిల్ సంగతి వేరు. అది అసలు శిలీంద్రాలు కాని ఊమైసిట్లను చంపుతుంది. కొన్ని ప్రయోగాల్లో దాన్ని వాడాక వేళ్లలో వామ్ పెరిగింది కూడా. అందుకే 'మందు కొడితే శిలీంద్రం పోతుంది' అన్న మాట సగమే నిజం. డీఏపీ ఎక్కువైనా ఇదే నష్టం: భాస్వరం దండిగా దొరికితే మొక్కే శిలీంద్రాన్ని దూరం పెడుతుంది.

ఇక బాక్టీరియా. కొన్ని సూడోమోనాస్ రకాలు శిలీంద్రపు సిద్ధబీజాలు మొలకెత్తడానికి, వేరులోకి చేరడానికి తోడ్పడతాయి. వీటిని సహాయక బాక్టీరియా అంటారు. బాసిల్లస్ జాతివి కొన్ని కరగని భాస్వరాన్ని కరిగిస్తే, దాన్ని వేరు దాకా చేర్చేది శిలీంద్రపు పోగులే. అయితే అన్నీ మిత్రులు కావు. మామూలు నేలలో శిలీంద్రం భాస్వరం సేకరించే పనిని అక్కడి సూక్ష్మజీవులే అణచివేయవచ్చని 2018లో వెలువడిన ఒక పరిశోధన చూపింది.

వేరులో వామ్ ఉందో లేదో కంటికి కనపడదు. సన్నటి వేళ్లను పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేసి, ట్రిపాన్ బ్లూ రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తే కణాల లోపల నీలిరంగు కొమ్మలు విచ్చుకుని కనిపిస్తాయి. కార్బండజిమ్ పట్టించిన విత్తనానికే వామ్ కూడా కలిపే రైతు డబ్బు వృథా కావచ్చు. వామ్ పొడిని విడిగా, పశువుల ఎరువులో కలిపి, సాళ్లలో వేరు చేరే లోతున వేయడం మేలు.